విశాఖ ఇంట్లో చిన్న రీఫ్ ట్యాంక్: ఆల్కలినిటీ ఎందుకు కుదురుగా ఉండదు?

బీచ్ రోడ్డులోని మత్స్యదర్శిని చూసి పెరిగిన విశాఖ పిల్లలకు సముద్రపు చేపలంటే మోజు పోదు. గోల్డ్ ఫిష్, గప్పీలతో కొన్నాళ్లు సరిపెట్టుకున్నాక, "నీమో" అని వాళ్లు పిలిచే క్లౌన్ చేప కావాలంటారు. ఇంట్లో పెద్దవాళ్లు కూడా సరే అంటారు. రెండడుగుల గాజు ట్యాంక్, ఇసుక, రాళ్లు, నీలి లైటు, ఒక పంపు, రెండు చేపలు, నాలుగైదు మెత్తని పగడాలు వస్తాయి. మొదటి నెల ఇల్లంతా దాని ముందే కూర్చుంటుంది. రెండో నెలలో పగడాలు ముడుచుకుంటాయి. రాళ్ల మీద పట్టిన గులాబీ రంగు పొర తెల్లబడుతుంది. అంగడిలో అడిగితే "ఆల్కలినిటీ పడిపోయింది, బఫర్ వేయండి" అని ఒక సీసా చేతిలో పెడతారు. ఆ సీసా అంచనాగా ఒంపడంతోనే చాలా ఇళ్లలో అసలు ఇబ్బంది మొదలవుతుంది.

ఆల్కలినిటీ తక్కువైతే జీవులకు నష్టమే. ఎక్కువైనా నష్టమే. కానీ చిన్న ట్యాంకుల్లో ఎక్కువగా ప్రాణం తీసేది ఈ రెండూ కాదు, ఇవాళ ఒకలా రేపు ఒకలా ఉండటం. ఆ ఊగిసలాటకు పగడాల ఆకలి కంటే మనం పోసే నీళ్లు, మనం వేసే చెంచాలే పెద్ద కారణం.

ముందు చట్టం సంగతి

రీఫ్ ట్యాంక్ మాటెత్తితే ఇంటర్నెట్‌లో అమెరికా, జర్మనీ ట్యాంకుల వీడియోలే కనిపిస్తాయి. వాటిలో కొమ్మలు కొమ్మలుగా పెరిగేవి రాతి పగడాలు. మన దేశంలో వాటి లెక్క వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూల్‌లో రాతి పగడాలన్నిటినీ 2001లో చేర్చారు. నల్ల పగడాలు, అగ్ని పగడాలు, ఆర్గాన్ పైప్ పగడం, సముద్రపు విసనకర్రలు కూడా అందులోనే ఉన్నాయి. అంటే పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. పట్టుకోవడం, అమ్మడం, కొనడం నేరం. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. చచ్చిన పగడపు ముక్కకూ ఇది వర్తిస్తుంది. "లైవ్ రాక్" పేరుతో అమ్మే రాళ్లలో చాలావరకు సముద్రంలోంచి తవ్వి తెచ్చిన పగడపు అస్థిపంజరాలే. కాబట్టి రాయి కావాలంటే సిమెంటుతోనో పింగాణీతోనో చేసిన కృత్రిమ రాయి కొనుక్కోవాలి. సముద్రపు గుర్రాలు కూడా రక్షిత జాబితాలో ఉన్నవే. అంగట్లో ఎవరైనా చూపిస్తే ముచ్చటపడి తెచ్చుకోకూడదు.

మష్రూమ్ పగడాలు, జోవాంథిడ్‌లు, లెదర్ పగడాల వంటి మెత్తని జాతుల పేర్లు ఆ జాబితాలో రాతి పగడాల్లా లేవు. అయినా ఎక్కడి నుంచి వచ్చాయో అడిగి, బిల్లు తీసుకుని, అనుమానం ఉంటే అటవీ శాఖను అడిగాకే కొనడం మంచిది. క్లౌన్ చేపలను హేచరీల్లో పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ఎప్పుడో సాధించింది. హేచరీ పిల్లలనే అడిగి తీసుకుంటే సముద్రానికీ మేలు, చేప కూడా ట్యాంకులో గట్టిగా బతుకుతుంది.

ఈ చట్టానికీ ఆల్కలినిటీకీ సంబంధం ఉంది. విదేశీ వీడియోల్లో చెప్పే మోతాదులు రాతి పగడాలతో నిండిన ట్యాంకులవి. మన ట్యాంకులో ఆ తిండిపోతులే లేరు. వాళ్ల మోతాదు మన ట్యాంకులో వేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

అసలు ఆల్కలినిటీ అంటే

కడుపులో మంటకు ఈనో తాగితే ఆమ్లం చల్లారుతుంది. నిమ్మరసంలో వంట సోడా వేస్తే బుసబుస పొంగి పులుపు విరిగిపోతుంది. నీళ్లలో కూడా ఇలా ఆమ్లాన్ని విరిచే సరుకు కొంత కరిగి ఉంటుంది. సముద్రపు నీళ్లలో అది ఎక్కువగా బైకార్బొనేట్, కొంత కార్బొనేట్. ఎంత ఆమ్లాన్ని విరగ్గొట్టగలదో ఆ శక్తి పేరే ఆల్కలినిటీ, తెలుగు పుస్తకాల్లో క్షారత. పీహెచ్ వేరు, ఇది వేరు. పీహెచ్ అంటే ఈ నిమిషంలో నీళ్లు ఎంత పుల్లగా ఉన్నాయో చెప్పే అంకె. ఆల్కలినిటీ అంటే పులుపు వచ్చి పడితే తట్టుకోవడానికి ఉన్న నిల్వ.

భీమిలి తీరంలో రొయ్య పిల్లల హేచరీల్లో పనిచేసేవాళ్లకు, గోదావరి జిల్లాల రొయ్యల రైతులకు ఈ మాట కొత్త కాదు. చెరువులో ఆల్కలినిటీ తక్కువగా ఉంటే పొద్దున పీహెచ్‌కీ సాయంత్రం పీహెచ్‌కీ పెద్ద తేడా వస్తుందని, రొయ్య గుల్ల విడవడానికి ఇబ్బంది పడుతుందని వాళ్లకు అనుభవం. వాళ్లు పీపీఎంలో లెక్కిస్తారు. అక్వేరియం వాళ్లు డీకేహెచ్ అనే డిగ్రీల్లో లెక్కిస్తారు. ఒక డిగ్రీ అంటే సుమారు 17.9 పీపీఎం. మామూలు సముద్రపు నీళ్లలో ఇది 7 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఇంటి ట్యాంకులో 7 నుంచి 9 మధ్య ఏ అంకె అయినా పరవాలేదు. 8 దగ్గర ఉంచుకోవాలనుకుంటే నెలలు గడిచినా 8 దగ్గరే ఉండాలి, అంతే.

రాతి పగడాలు లేని ట్యాంకులో దీన్ని ఎవరు ఖర్చు చేస్తారు? రాళ్ల మీద గులాబీ రంగులో పాకే సున్నపు నాచు ఒకటి. గుల్ల కట్టుకునే నత్తలు, గొట్టపు పురుగులు కొంచెం. మెత్తని పగడాలకు కూడా ఒంట్లో సన్నని సున్నపు సూదులుంటాయి కానీ వాటి ఖర్చు లెక్కలోకి రానంత. చాలామందికి తట్టని ఇంకో ఖర్చు చేపల మేత. మేత, రెట్ట కుళ్లి అమ్మోనియా అవుతుంది, దాన్ని బాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ మార్పులో ఆమ్లం పుట్టి ఆల్కలినిటీని తినేస్తుంది. నైట్రేట్ 50 పీపీఎం పెరిగిందంటే సుమారు 2.3 డిగ్రీలు అలా పోయినట్టే. ఇద్దరు పిల్లలు పోటీపడి రోజుకు నాలుగుసార్లు మేత వేసే ఇంట్లో "పగడాలు తినేస్తున్నాయి" అనుకోవడం పొరపాటు.

నీళ్ల దగ్గరే తేడా వస్తుంది

ట్యాంకు నుంచి రోజూ నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు చల్లబరచడానికి చిన్న ఫ్యాను పెడితే రెండడుగుల ట్యాంకులో లీటరు దాకా తగ్గుతుంది. ఆ తగ్గినంత మంచినీళ్లు పోయాలి. చాలామంది కుళాయి నీళ్లో బోరు నీళ్లో పోసేస్తారు. 50 లీటర్ల నీళ్లున్న ట్యాంకులో 200 పీపీఎం ఆల్కలినిటీ ఉన్న బోరు నీళ్లు రోజుకో లీటరు పోశారనుకుందాం. లెక్క ప్రకారం రోజుకు 0.22 డిగ్రీ, నెలకు 6 డిగ్రీలకు పైగా చేరుతుంది. అదంతా నీళ్లలోనే నిలవదు. గీజర్ కాయిల్ మీద తెల్లని పెచ్చు కట్టినట్టే పంపు మీద, గాజు మీద సున్నం పేరుకుంటుంది. అప్పుడు ఆల్కలినిటీ ఒక్కసారి జారుతుంది, కాల్షియాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. టెస్ట్ చేసినప్పుడల్లా అంకె ఒకచోట ఉండదు, కారణం అర్థం కాదు. విశాఖలో చాలా ఇళ్లకు చలికాలం కుళాయి నీళ్లు, ఎండాకాలం బోరో ట్యాంకరో. నీళ్ల మూలం మారిన వారమే ట్యాంకు లెక్క కూడా మారిపోతుంది.

ఆర్వో నీళ్లు పోస్తున్నాం కదా అంటారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇళ్లలోని ఆర్వో మిషన్లు తాగడానికి చేసినవి. రుచి కోసం వాటిలో టీడీఎస్ సర్దే స్క్రూ ఉంటుంది, అది కొంత మామూలు నీటిని కలుపుతుంది. కొన్నిటికి "మినరల్" కాట్రిడ్జ్, "ఆల్కలైన్" కాట్రిడ్జ్ కూడా ఉంటాయి. మనిషికి అవి ఎలాగున్నా ట్యాంకుకు పనికిరావు. టీడీఎస్ మీటరుతో చూస్తే చాలా మిషన్ల నీళ్లు 50, 80, ఒక్కోసారి 100 పైన చూపిస్తాయి. రీఫ్ ట్యాంకుకు అది సున్నాకు దగ్గరగా ఉండాలి. మెంబ్రేన్ నుంచి నేరుగా, ఆ కాట్రిడ్జ్‌ల కంటే ముందే ఒక పైపు తీయమని మెకానిక్‌కి చెబితే పని అయిపోతుంది. 20 లీటర్ల డబ్బా నీళ్లు కొనేవాళ్లు ప్రతి డబ్బాకూ మీటరు ముంచి చూడాల్సిందే.

మరి సముద్రం ఇంటి పక్కనే ఉంది, డబ్బాతో తెచ్చుకుంటే పోదా? విశాఖలో ప్రతి ఒక్కరికీ వచ్చే ఆలోచనే ఇది. నగరం గెడ్డలు బీచ్‌లోనే వచ్చి కలుస్తాయి. హార్బర్ వైపు నీళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. శుభ్రమైన చోటు దొరికినా బంగాళాఖాతం నీళ్లు ఏడాదంతా ఒకేలా ఉండవు. వానాకాలం వెళ్లాక, అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానదుల మంచినీటిని కలుపుకుని మన తీరం పక్కగా పోతుంది. పైపొరలో ఉప్పు తగ్గుతుంది, దాంతో పాటు ఆల్కలినిటీ కూడా. మార్చిలో తెచ్చిన డబ్బా, నవంబర్‌లో తెచ్చిన డబ్బా ఒకే సముద్రానివే కానీ ఒకే నీళ్లు కావు. నదుల మంచినీరు, ఒండ్రు కలిసే ఈ తీరంలో లక్షద్వీప్‌లో లాంటి పగడపు దిబ్బలు లేకపోవడానికి కూడా ఇదొక కారణం.

అందుకే ఉప్పు కొనుక్కుని కలుపుకోవడం ఖర్చయినా నెమ్మది. 50 లీటర్లకు సుమారు 1.8 కిలోల మెరైన్ సాల్ట్ పడుతుంది. డబ్బా మీద ఆల్కలినిటీ ఎంతో చూడాలి. కొన్ని 7, 8 డిగ్రీలిస్తాయి, కొన్ని 11, 12 దాకా ఇస్తాయి. ట్యాంకులో 7.5 ఉండగా 11 ఇచ్చే ఉప్పుతో అయిదో వంతు నీళ్లు మార్చితే ఒక్క గంటలో 0.7 డిగ్రీ ఎగిరినట్టు. రాతి పగడాల కోసం చేసిన ఖరీదైన ఉప్పు మన ట్యాంకుకు అక్కర్లేదు. 8 దగ్గర ఇచ్చే సాదా ఉప్పు ఒకటి ఎంచుకుని, దాన్నే వాడుతూ పోవాలి. ఆఫర్ ఉందని మధ్యలో కంపెనీ మార్చితే మళ్లీ మొదటికొస్తుంది.

టీ చెంచా లెక్క

ఆల్కలినిటీ పెంచడానికి ఖరీదైన సీసా అవసరం లేదు. వంటింట్లో ఉండే తినే సోడా, అంటే సోడియం బైకార్బొనేట్, అదే పని చేస్తుంది. బేకింగ్ పౌడర్ కాదు, అందులో వేరే పదార్థాలు కలుస్తాయి. చాకలి సోడా కూడా కాదు. 50 లీటర్ల నీళ్లలో ఒక డిగ్రీ పెంచడానికి కావలసింది 1.5 గ్రాములు. ఒక టీ చెంచా నిండా సోడా దాదాపు 5 గ్రాములు. అంటే "కొంచెమే కదా" అని వేసిన ఒక్క చెంచా 3 డిగ్రీలకు పైగా లేపేస్తుంది. 500 లీటర్ల ట్యాంకులో అదే చెంచాకు మూడో వంతు డిగ్రీ కూడా కదలదు. చిన్న ట్యాంకు కష్టం అంతా ఈ ఒక్క లెక్కలో ఉంది.

కాబట్టి చెంచాలు పక్కన పెట్టి, గ్రాములో పదో వంతు చూపే చిన్న కాటా కొనాలి. ట్యాంకు అద్దం మీద 60 లీటర్లని రాసి ఉన్నా ఇసుక, రాళ్లు పోగా నీళ్లు 50 లీటర్లే ఉండొచ్చు. మొదటిసారి నింపేటప్పుడే బకెట్లు లెక్కపెట్టుకుంటే బాగు. సోడాను గ్లాసుడు ఆర్వో నీళ్లలో కరిగించి, పంపు నీరు జోరుగా తిరిగే చోట మెల్లగా పోయాలి. ఒక రోజులో అర డిగ్రీకి మించి పెంచకపోవడమే క్షేమం. 50 లీటర్లకు అది ముప్పావు గ్రాము. టెస్ట్‌లో 5 వచ్చింది, 8కి తేవాలి అంటే ఆరు రోజులు పడుతుంది. ఒక్క రోజులో తెచ్చేద్దామనే తొందరే పగడాలను కాల్చేస్తుంది.

ఇదంతా టెస్ట్ కిట్ నిజం చెబితేనే. చుక్కల కిట్‌లో 5 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని రంగు మారేదాకా చుక్కలు లెక్కపెడతారు. కొన్ని కిట్లలో చుక్కకు ఒక డిగ్రీ. అలాంటప్పుడు 10 మిల్లీలీటర్లు తీసుకుంటే చుక్కకు అర డిగ్రీ అవుతుంది, లెక్క ఇంకాస్త నికరం. కిట్ పాతబడిందేమో అన్న అనుమానం ఇంట్లోనే తీర్చుకోవచ్చు. డిస్టిల్డ్ వాటర్ లీటరులో 2.4 గ్రాముల తినే సోడా కరిగించి, అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌తో లీటరు చేస్తే అది 8 డిగ్రీల నీళ్లు. కిట్ దాన్ని 8 అనకపోతే తప్పు ట్యాంకుది కాదు, కిట్‌ది. అంగడి సీసా కొనేముందు ఈ పది నిమిషాల పని చేసినవాళ్లు తక్కువ.

తర్వాత ట్యాంకు రోజువారీ ఖర్చు తెలుసుకోవాలి. సోడా ఏమీ వేయకుండా, నీళ్లు మార్చకుండా, ఒకే సమయానికి మొదటి రోజు, నాలుగో రోజు టెస్ట్ చేయాలి. 8.2 నుంచి 7.6కి వచ్చిందనుకుంటే మూడు రోజుల్లో 0.6, రోజుకు 0.2. 50 లీటర్లకు రోజుకు 0.3 గ్రాముల సోడా చాలు. ఇంత సన్నగా తూచలేకపోతే 30 గ్రాములు లీటరు ఆర్వో నీళ్లలో కరిగించి సీసాలో పెట్టుకుని, రోజూ 10 మిల్లీలీటర్లు సిరంజితో పోస్తే సరిపోతుంది. మొదటి నెల వారానికి రెండుసార్లు, కుదిరాక వారానికోసారి టెస్ట్. అంకెలు గోడ క్యాలెండర్ మీద రాసుకుంటే చాలు, యాప్‌లు అక్కర్లేదు.

వారానికి పదో వంతు నీళ్లు మారిస్తే ఇవేవీ అవసరం లేదని కొందరంటారు. పై ట్యాంకులోనే చూద్దాం. వారంలో 1.4 డిగ్రీ తగ్గుతుంది. 8 ఉన్న కొత్త నీళ్లు పదో వంతు పోస్తే తిరిగొచ్చేది 0.14 మాత్రమే. నీళ్ల మార్పిడి నైట్రేట్ తగ్గించడానికి, మెగ్నీషియం వంటివి నిలబెట్టడానికి మంచిది. మెగ్నీషియం 1,300 పీపీఎం దగ్గర ఉంటేనే సున్నం నీళ్లలో విరిగిపోకుండా ఆగుతుంది. ఆల్కలినిటీ ఖర్చు దాదాపు సున్నా ఉన్న ట్యాంకులో తప్ప, నీళ్ల మార్పిడి ఒక్కటే సరిపోదు. కాల్షియం గురించి మాత్రం మరీ కంగారు పడక్కర్లేదు. సున్నం గుల్లలుగా మారే దారిలో 2.8 డిగ్రీల ఆల్కలినిటీ పోయినప్పుడు కాల్షియం 20 పీపీఎం మాత్రమే తగ్గుతుంది. 420 ఉన్నచోట అది ఏ మూలకు?

సున్నపు తేట

రీఫ్ పుస్తకాల్లో జర్మన్ పేరుతో కనిపించే "కాల్క్‌వాసర్" మన ఇళ్లలో అందరికీ తెలిసిన సున్నపు తేటే. పాన్‌దాన్‌లో ఉండే సున్నం, స్టీల్ ప్లాంట్‌కి జగ్గయ్యపేట గనుల నుంచి వచ్చే సున్నపురాయి, బీచ్‌లో ఏరుకునే గవ్వలు, అన్నీ ఒకే కుటుంబం. సున్నపు తేట ఆల్కలినిటీనీ కాల్షియాన్నీ సమానంగా ఇస్తుంది, అందుకే దానికి అంత పేరు. కానీ దాని పీహెచ్ 12 పైమాటే. చిక్కటి తేట ఒక లీటరు 50 లీటర్ల ట్యాంకులో పోస్తే రెండు డిగ్రీలకు పైగా పెరుగుతుంది, గొట్టం జారి ఒక్కసారి పడితే చేపలు మిగలవు. రాతి పగడాలు లేని చిన్న ట్యాంకుకు ఇంత ఘాటు మందు అక్కర్లేదు. తాంబూలం సున్నం అసలే వద్దు, అందులో ఇంకేం కలిపారో తెలియదు.

చివరిగా, పీహెచ్ చూసి సోడా వేసే అలవాటు మానుకోవాలి. ఏసీ వేసి తలుపులు బిగించిన గదిలో నలుగురు పడుకుంటే గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి ట్యాంకు పీహెచ్ దిగుతుంది. ఆల్కలినిటీ మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు కావలసింది కిటికీ తెరవడం. కరెంటు పోయినప్పుడూ అంతే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక విశాఖలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు పంపు ఆగి, ఆక్సిజన్ తగ్గి, పీహెచ్ పడుతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకుంటే పనికొస్తుంది, సోడా కాదు.

పండక్కి నాలుగు రోజులు ఊరెళ్లాలంటే కూడా గాభరా అక్కర్లేదు. రోజుకు 0.2 డిగ్రీ తినే ట్యాంకు నాలుగు రోజుల్లో 0.8 దిగుతుంది, అది జీవులు తట్టుకోగలిగేదే. పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి వెళ్లేటప్పుడు ఆర్వో నీళ్లు గీత దాకా పోయమని, చిటికెడు మేత రోజు విడిచి రోజు వేయమని చెబితే చాలు. సోడా సీసా మాత్రం వాళ్ల చేతికివ్వకుండా బీరువాలో పెట్టాలి. తిరిగొచ్చాక టెస్ట్ చేసి, తగ్గిన దాన్ని రెండు మూడు రోజుల్లో కొంచెం కొంచెంగా తిరిగి కలపాలి.